ఆగండి, లాగండి

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతున్నాను కదా, ఇంట్లో మిక్సీ మొరాయించినా, ఫ్యాను కిర్రుమన్నా అందరూ నా వైపే చూసేవాళ్ళు, నేనూ గంభీరంగా తలాడించేదాన్ని. (మిక్సీని చివరికి షాపువాడే బాగుచేసేవాడు, అది వేరే సంగతి.) అందుకే ఓ శనివారం కైకలూరు నుంచి మా బాబాయి ఫోన్ చేసి, "అమ్మాయ్, రేపు కొయ్య లేపాలే, నువ్వు రావాలి" అనగానే, ఏం కొయ్య, ఎందుకు లేపాలి అని కూడా అడక్కుండా వస్తానన్నాను.

బాబాయి మిషను స్కూల్లో సైన్సు మాస్టారు. ఎవరో దొరలు రెండు చిన్న పడవల్ని జతకట్టి, మధ్యన తెరచాప ఎత్తి సముద్రం మీద జోరుగా పోతున్న వీడియో ఫోన్లో చూసినప్పటి నుంచి ఆయనకి నిద్ర లేదు. "దాన్ని కాటమరాన్ అంటారటే. మన కొల్లేట్లో రెండు తాటిదోనెలు కలిపి కట్టి సంగడి అంటామే, అదే ఇది. చాపొక్కటే తక్కువ" అనేవారు. ఆ చాప కుట్టిపెట్టమని పిన్నిని వేపుకు తిని, టార్పాలిను ముక్కలతో కుట్టించారు. అంతలో చింతలపూడి వైపు బదిలీ అయింది. అదంతా మెట్ట. అక్కడ సంగడి మాట దేవుడెరుగు, కాగితప్పడవ వదలడానికైనా నీళ్ళు వెతుక్కోవాలి. సామాన్ల లారీ సోమవారం పొద్దున్నే వస్తుంది. ఆదివారం చాప కట్టే కొయ్య నిలబడిందా సరే, లేదంటే ఆయన ముచ్చట కొల్లేటి బురదలోనే మిగిలిపోతుంది.

చర్చి అవగానే గట్టుకి చేరాం. బాబాయి, పిన్ని, నేను, పక్కింటి పంతులుగారు. (ఆయన పౌరోహిత్యం చేసుకునే మనిషి. పడవ బయల్దేరడానికి మంచి ఘడియ చెప్పడానికి వచ్చి మాతో ఇరుక్కుపోయారు.) గట్టు మీద సంగడి, దాని మీద వెనక్కి పడుకోబెట్టిన పొడుగాటి వెదురు కొయ్య. దాని అడుగున ఇనుప చీల గుచ్చి తలుపులా పైకీ కిందకీ తిరిగేలా చేశారు. పక్కలకి ఒరగకుండా రెండు దోనెలకీ తాళ్ళు కట్టారు. విచిత్రం ఏమిటంటే, భుజాన వేసుకుంటే ఆ కొయ్యకి బరువే లేదు. కాలు ఒకచోట పాతి తల లేపబోతే మాత్రం ఎక్కడలేని బరువూ వచ్చిపడుతోంది. ముందు నుంచి తాడు కట్టి లాగితే కొయ్య లేవదు, సంగడే మా మీదికి జరిగి వస్తోంది. ఎందుకిలా అని బురదలో గొంతుక్కూర్చుని ఆలోచిస్తే తట్టింది: తాడు కూడా కొయ్యతో పాటే పడుకుని ఉంటే ఇక పైకి లాగేదెవరు? కొయ్య మొదట్లో ఓ పొట్టి వెదురు నిటారుగా బిగించి, తాడుని దాని నెత్తి మీదుగా తెచ్చాం. బాబాయి కొయ్య కింద భుజం పెట్టారు, మేం లాగాం, లేచింది. నా చదువు అక్కడ ఉపయోగపడింది, అక్కడితో అయిపోయింది.

ఎందుకంటే లేచేకొద్దీ కొయ్య తేలికైపోయింది. నిటారుగా అయ్యేసరికి అసలు బరువే లేదు. సరిగ్గా అప్పుడే బాబాయి వెనక నుంచి "ఆగండి" అని కేకేశారు. కొల్లేటి గాలికి మాకది "లాగండి" అని వినబడింది. లాగాం. కొయ్య నిటారు దాటి మా మీదికే వచ్చింది. పిన్ని అటు, నేను ఇటు, పంతులుగారు బురదలోకి.

"ఆగండన్నాను కదే."

"అదేనండీ, లాగాం కదా" అంది పిన్ని.

మాట మార్చాలని అందరం ఒప్పుకున్నాం. "చాలండి" అంటే ఆపాలి. జాగ్రత్త కోసం ఈసారి వెనక కూడా ఓ తాడు కట్టి పంతులుగారి చేతికిచ్చాం. కొయ్య లేచింది, బాబాయి "చాలండి" అన్నారు. మా ఊళ్ళో పుట్టి పెరిగిన చేతులవి. విస్తరి ముందు ఎవరైనా చాలండి అంటే ఇంకో గరిటె వడ్డించడమే వాటికి తెలుసు. పిన్నీ నేనూ కూడబలుక్కున్నట్టు ఇంకాస్త లాగాం. వెనక తాడు పట్టుకోవాల్సిన పంతులుగారు వదిలేశారు. "ఆడవాళ్ళు అటు లాగుతుంటే నేను ఎదురు లాగడం ఏం మర్యాదండీ" అన్నారు తర్వాత.

ఈసారి కొయ్య పడి, నెత్తిన పగులిచ్చింది. ఇంకోసారి పడితే నిలువునా చీలిపోతుంది. బాబాయి దోనె అంచు మీద కూర్చుని, చాపని మడతపెట్టడం మొదలుపెట్టారు. నాకు ఏడుపొచ్చింది.

పంతులుగారు కండువాతో మొహం తుడుచుకుంటూ, "మాస్టారూ, ఒక్క మాటండి" అన్నారు. "మీ చర్చిలో ఆఖర్న ఓ మాటంటారు చూడండి. మైకులో మా ఇంటికి రోజూ వినబడుతుంది. అదనగానే అందరూ ఒక్కసారే ఆగిపోతారండి. అది పెట్టుకుందామా?"

బాబాయి పిన్ని వైపు చూశారు. పిన్ని కొంగు బిగించి తాడు అందుకుంది. కొయ్య మెల్లగా లేచింది, తేలికైంది, నిటారుగా అయింది. "ఆమెన్" అన్నారు బాబాయి. అందరి చేతులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పంతులుగారి తాడైతే వీణ తీగలా బిగిసి ఉంది.

చాప నిండా గాలి పట్టి సంగడి గూడబాతుల మధ్య నుంచి దర్జాగా పోయింది. బాబాయి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టడం గట్టు మీదికి వినబడింది. (తిరిగి రావడం ఎలాగో వీడియోలో పూర్తిగా చూడలేదట. గాలికి ఎదురు గెడ వేసుకుంటూ వచ్చేసరికి పొద్దుగూకింది.) మర్నాడు లారీ వచ్చింది.

ఇప్పుడు ఏలూరులో ఉద్యోగం, నాకు తెలియనివి చాలా ఉన్నాయని తెలిసిన వయసు. మొన్న కైకలూరు వెళితే పంతులుగారింట్లోనే భోజనం. ఆయన కొసరి కొసరి వడ్డిస్తున్నారు. "చాలండి" అన్నాను, గరిటెడు పప్పు పడింది. "ఆగండి" అన్నాను, ఇంకో గరిటె. ఆఖరికి మెల్లగా "ఆమెన్" అన్నాను. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గరిటె గిన్నెలో పెట్టేసి, "మాస్టారు ఎలా ఉన్నారండీ?" అని అడిగారు.