పిన్ని బాగుచేసుకున్న ఏసీ

మా పక్కింటి పిన్ని పోయింది. వడదెబ్బ అన్నాడు డాక్టరు. నేను ఆ మాట ఒప్పుకోను. ఈ ఎండల్లో ఆవిడ గదిలోంచి ఏసీ ఊడబెరుక్కుపోయారు. అందుకే పోయింది.

పిన్ని మాకు చుట్టం కాదు. బొబ్బిలి వైపు నుంచి భిలాయి వచ్చి, అక్కడి రుఆబాంధా పేటలో మా పక్కన ఉండేవారు. బాబాయి పక్షవాతంతో మంచాన పడ్డాక వేసవి వస్తే ఆయన వీపంతా పుళ్లు పడేవి. ఆయన కోసమే ఒక పాత కిటికీ ఏసీ కొన్నారు. అది మొరాయించినప్పుడల్లా మెకానిక్ ‘కల్ ఆయేంగే దీదీ’ అనేవాడు. ఆ ‘రేపు’ ఓ పట్టాన వచ్చేది కాదు. ఓ మధ్యాహ్నం బాబాయి మూలుగు వినలేక పిన్ని తనే స్క్రూడ్రైవరు పట్టుకుంది. ఎప్పుడో ఓసారి మెకానిక్ వచ్చి చేస్తుంటే పక్కన నిలబడి చూసిందే ఆవిడ చదువు.

తర్వాత నాకూ నేర్పింది. కంప్రెసర్ తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్‌ను చూపించి, “ఒలే, ప్లగ్గు పీకేసినా దీని కడుపులో కరెంటుంటాది. సచ్చిందనుకోని ముట్టుకోకు” అనేది. రెండు తీగలు కట్టిన బల్బును దానికి ఆనించి, ఆ కరెంటు దిగిపోయాకే చెయ్యి పెట్టనిచ్చేది. మా కూలరు మోటారు ఇప్పటికీ నేనే బాగుచేసుకుంటున్నానంటే అది ఆవిడ చలవే.

శివరాత్రి వెళ్లాక బాబాయి పోయారు. నెల తిరక్కుండా ఆయన తమ్ముడు దగ్గర్లోని కుమ్హారి ఊరి నుంచి మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు.

“అన్నయ్య కొన్నది. మొగుడు పోయిన మనిషికి ఏసీ ఏటి వదినా?”

“నా సేతుల్తో బతికించుకున్నాను బాబూ. ఒగ్గేయండి” అంది పిన్ని.

ఒగ్గలేదు. గుమ్మానికి అడ్డం నిలబడిన నన్ను నెట్టేశారు. కరెంటు ఉండగానే పెట్టె కదిలించబోతుంటే పిన్ని అరిచింది.

“ముందు ప్లగ్గు పీకండ్రా, సచ్చిపోతారు!”

దోచుకుపోయేవాళ్ల ప్రాణం గురించి ఆవిడకి బెంగ! తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

ఏసీ తీసేసిన కంతకి పిన్ని అట్టముక్క అడ్డుపెట్టుకుంది. మే నెల వడగాలికి అది నిలవలేదు. మా ఇంటికి వచ్చెయ్యమని బతిమాలాను. “నా ఇల్లు నానెందుకు ఒగ్గాలే?” అంది కోపంగా.

పిన్ని పోయాక పన్నెండో రోజు భోజనాలు కుమ్హారిలో మరిది ఇంట్లో పెట్టారు. ముందుగదిలో ఆ ఏసీ ఉంది. ఫ్యాను తిరుగుతోంది గానీ కంప్రెసర్ గుర్రుమని ఆగిపోతోంది. నన్ను చూసి ఆ మరిది లేచి వచ్చాడు.

“వదిన కాడ నేర్సుకున్నావంట కదమ్మా. ఓపాలి సూడు.”

“కెపాసిటర్ పోయినట్టుంది. బాగుచెయ్యడం నాకు వచ్చు. చెయ్యను.”

తినకుండానే లేచాను. గుమ్మం దాటుతూ చూస్తే, చొక్కా తడిసిపోయి, ఆయన ఖాళీ విస్తరాకుతో విసురుకుంటున్నాడు.