ఒరలోంచి దూసిన ఫోను

నా పెళ్లి నా నడుం దగ్గరే ఆగిపోయినంత పనైంది. కోతలు కోస్తున్నాడనుకుంటారేమో, చివరిదాకా చదివి మీరే చెప్పండి.

ఐటీ ఉద్యోగాలు మంచి ఊపు మీదున్న రోజులవి. నన్ను టీం లీడర్ని చేసి కంపెనీ చేతిలో ఒక ఆఫీసు ఫోను పెట్టింది. ముందు వైపు సగం తెర, మిగతా సగం కందిపప్పు బద్దలంత మీటలు. మెయిల్ వస్తే ఎర్రదీపం మిణుకుమనేది. నా బొటనవేలితో ఒకటి నొక్కితే రెండు పడేవి, 'సరే' అని రాయడానికి మూడు నిమిషాలు పట్టేది. అయినా దాన్ని తోలు ఒరలో పెట్టి నడుముకు తగిలించుకుని మెట్టుగూడ వీధుల్లో తిరుగుతుంటే నాకు నేనే కలెక్టరులా కనిపించేవాణ్ణి.

దానికో గొప్ప సదుపాయం ఉంది. మోగుతున్నప్పుడు ఒరలోంచి లాగితే చాలు, మీట నొక్కకుండానే కాల్ ఎత్తేసుకుంటుంది. కత్తి దూసినట్టు ఫోను దూయొచ్చని మొదటి రోజే ఆ ఏర్పాటు చేసుకున్నాను. కానీ ఆఫీసులో అందరూ మెయిళ్లే పంపేవారు, ఫోను చేసేవాళ్లే లేరు. కాబట్టి ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి, నేను వారంలోనే మరిచిపోయాను.

అప్పుడే పెళ్లిచూపులకు చిలకలగూడ వెళ్లాం. మేం విజయనగరం నుంచి వచ్చినవాళ్లం, వాళ్లు తాతల నాటి నుంచి ఇక్కడివాళ్లు. అమ్మాయి పేరు సుజాత. నేను గంటలో పదిసార్లు ఫోను తీసి చూసుకుంటుంటే, "ఆఫీసోళ్లు ఆదివారం సుత వదలరా?" అని నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. ఈ అమ్మాయి తప్ప ఇంకెవరూ వద్దనిపించింది.

సంబంధం తెచ్చింది యాదగిరి. రెజిమెంటల్ బజార్‌లో ఆయనకు గిన్నెల కొట్టుంది. మాట్లాడటానికి ఫోను వాడిన పాపాన పోలేదు. సరుకు వచ్చిందంటే ఒక మిస్డ్ కాల్, రాలేదంటే రెండు. మా విషయంలోనూ అదే ఒప్పందం.

"వచ్చే ఆదివారం వాళ్లింట్ల కూసొని మాట్లాడతా. ఒప్పుకుంటే ఒక్క మిస్డ్ కాల్ ఇస్త, లేకుంటే రెండు. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. అందిందనడానికి నేను తిరిగి ఒకటి ఇవ్వాలి.

ఆ ఆదివారం మధ్యాహ్నం నడుం దగ్గర ఫోను మోగింది. ఎవరా అని దూశాను. తెర మీద యాదగిరి పేరు కనిపించి టక్కున మాయమైంది. ఒకటి. నేనూ అమ్మా ఊపిరి బిగబట్టాం. దాన్ని మళ్లీ ఒరలో పెట్టానో లేదో ఇంకోసారి మోగింది. ఈసారి దాన్ని ఒరలోంచి దూయలేదు. ఒక్క మోత మోగి ఆగిపోయింది. రెండు.

మంచం మీద కూలబడ్డాను. కాసేపటికి మూడోసారి మోగింది. మూడుకు మా ఒప్పందంలో అర్థమే లేదు.

"మూడంటే ఏటిరా?" అంది అమ్మ.

"ఈ జన్మకి వద్దని కాబోలు" అని, తెర వంకైనా చూడకుండా ఫోను లాగి దుప్పటి మీదకు విసిరేశాను. మోత ఆగింది.

అమ్మకు నా మీద జాలి, వాళ్ల మీద కోపం ఒకేసారి వచ్చాయి. "పోన్లేరా బాబూ. ఆళ్లింట్లో ఆ మిర్చి బజ్జీ తిన్నాక రెండ్రోజులు నా నోరు నాది కాదు. మనకేటి తక్కువ, ఇంకో సంబంధం సూస్తాను" అంది.

"నాకు ఇంకో సంబంధం వద్దమ్మా. జీవితాంతం పెరుగన్నం తినైనా బతుకుతాను, నాకు ఆ అమ్మాయే కావాలి" అన్నాను.

అక్కడితో ఊరుకున్నానా? పదిమందికి పని చెప్పే టీం లీడర్ని, తలగడలో మొహం పెట్టి ఏడ్చాను. సుజాత నవ్వు గురించీ, ఆమె చూస్తోందని కళ్లలో నీళ్లు కుక్కుకుంటూ నాలుగు బజ్జీలు మింగిన వైనం గురించీ వెక్కుతూ అంతా చెప్పుకున్నాను.

అప్పుడు దుప్పటి మడతల్లోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"అత్తమ్మా, ఇగ నుంచి కారం జెర తక్కువేస్త. ఆయనకు ఏడ్వొద్దని చెప్పుండ్రి."

చూపుల రోజు ఆంటీ అని పిలిచిన పిల్ల, అత్తమ్మా అంది. అమ్మ కంగారులో ఫోనుకే నమస్కారం పెట్టేసింది.

జరిగిందేమిటంటే, యాదగిరి మొదటి కాల్‌ను, ఒరలోంచి దూయగానే నా ఫోను ఎత్తేసింది. ఎత్తిన కాల్ మిస్డ్ కాల్ కాదు కదా. ఆయన ఉలిక్కిపడి కట్ చేసి, పద్ధతి ప్రకారం ఇంకొకటి ఇచ్చాడు. నా జవాబు రాకపోయేసరికి ఏమయ్యానోనని ఈసారి నిజంగానే ఫోను చేసి, స్పీకర్ పెట్టి సుజాత చేతికిచ్చాడు. నా ఏడుపు వాళ్లిల్లంతా వింది.

సిగ్గుతో చచ్చిపోవాల్సిన మాట. కానీ నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అంత హాయిగా మళ్లీ ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు. ఆ వెనకే మామగారి గొంతు వినిపించింది. "పిల్లగాడు మంచోడే. గా ఫోన్ మాత్రం పీటల మీదికి తేవద్దు."

తేలేదు. అందరిలాగే అగ్నిసాక్షిగా చేయాల్సిన ప్రమాణాలన్నీ చేసి, నా సొంతంగా మనసులో ఇంకొకటి చేర్చుకున్నాను. ఇకమీదట ఏడవాల్సి వస్తే ముందు ఫోను కట్టేసి, ఆ తర్వాతే ఏడుస్తాను.