గ్రీజు రాయని పన్నెండు ముక్కలు

అయిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీతో చెప్పి దించుకుందామని కూర్చున్నాను. అయితే ముందు కాసేపు గొప్పలు చెప్పుకోనివ్వండి. అలవాటు ఒక్కసారిగా పోదు.

ఈ దేశంలో తుపాకి గుండును ఆపే లోహం ఏదైనా సరే, నా చేతి దెబ్బ తినకుండా బయటికి వెళ్లలేదు. అశోక్‌నగర్ టీ బండి దగ్గర, పోటీపరీక్షలకు చదివే కుర్రకారుకు నేను రోజూ చెప్పే మాట ఇది. ట్యాంకులను పేల్చి చూసేవాడినని కూడా చెప్పాను. నమ్మారు. ఒకతను జనరల్ నాలెడ్జి కింద రాసుకున్నాడు.

ట్యాంకు లేదు. రూపాయి బిళ్లంత లోహపు ముక్క. అదీ కాదు, అంతకన్నా చిన్నది. నేను శాస్త్రవేత్తనూ కాను, ఒక ప్రయోగశాలలో టెక్నీషియన్‌ని. రెండు పొడవాటి ఉక్కు కడ్డీల మధ్య ఆ ముక్కను బిగించి, గ్యాస్ ఒత్తిడితో మూడో కడ్డీని వాటిలో ఒకదాని చివరకు తగిలేలా వదిలేవాడిని. రెప్ప వేసేలోగా ముక్క నలిగిపోయేది. ఎంత దెబ్బకు ఎంత నలిగిందో అంకెలు వచ్చేవి.

ఆ అంకెలు శైలజకు వెళ్లేవి. సిద్దిపేట వైపు పల్లె నుంచి వచ్చి, నారాయణగూడ హాస్టల్లో ఉంటూ, మా దగ్గర పీహెచ్‌డీ పని చేసే అమ్మాయి. నా అంకెలు తీసుకుని, కంప్యూటర్లోనే గుండును ఆ లోహంతో చేసిన ప్లేటు మీదికి వదిలి, ప్లేటు ఆపుతుందో చిల్లు పడుతుందో ముందే చెప్పేది. లెక్క ఆమెది. దానికి ఆధారం నా ముక్కలు.

ముక్కకు రెండు వైపులా పల్చగా గ్రీజు రాయాలి. రాయకపోతే ఆ వైపులు కడ్డీలకు పట్టేసుకుంటాయి, నడుము మాత్రం పీపాలా ఉబ్బుతుంది. లోహం ఉన్నదానికన్నా గట్టిదని అంకెలు చెబుతాయి. 2009 ఎండాకాలంలో ఒకరోజు పన్నెండు ముక్కలకు గ్రీజు రాయడం మర్చిపోయాను. సాయంత్రం చూస్తే అన్నీ పీపాలే. చెప్పవచ్చు కదా? మళ్లీ కొట్టవచ్చు కదా? రిటైర్మెంటుకు కొన్ని నెలలే ఉన్నాయి. పని తెలిసినవాడినని పేరు. నోరు రాలేదు.

కొన్ని వారాలకు అసలు ప్లేటును నిజం గుండుతో అందరి ముందూ కొట్టి చూశారు. ఆపుతుందని శైలజ కంప్యూటర్ చెప్పింది. చిల్లు పడింది. లెక్కలన్నీ తప్పులతడకలని మా ప్రయోగశాల పెద్దసారు అక్కడికక్కడే అన్నాడు. ఆమె ఏడవలేదు. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, ఆ పన్నెండు ముక్కలు ఉన్నయా? జర ఒక్కసారి చూస్త."

"తుక్కుల పడేసిన బిడ్డా."

"ఒక్కటన్న దొర్కదా?"

"ఎట్ల దొర్కుతది?"

ఆమె చెయ్యి ఆనించిన బల్ల సొరుగులోనే ఉన్నాయి, పన్నెండూ. ఒక్కదాన్ని చూసినా ఆమెకు తెలిసిపోయేది.

ఆమె పని వేరేవాళ్లకు ఇచ్చారు. ఏడాది తిరక్కముందే పీహెచ్‌డీ వదిలేసి వెళ్లిపోయింది. ఆమెకు వేరే ఇబ్బందులేవో ఉండి ఉంటాయని, నేను చెప్పినా ఆ పెద్దసారు వినేవాడు కాదని, ఎవరూ అడగని రోజుల్లో కూడా నాకు నేనే జవాబులు తయారు చేసుకుంటూ వచ్చాను. అడగని ప్రశ్నకు ఇన్ని జవాబులెందుకు?

ఈ ఏడు టీ బండి దగ్గర ట్యాంకు కథ చెబుతుంటే, గుంపు వెనక గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది శైలజ. పక్క సందులోని కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతోందట. మొత్తం విన్నది. గ్లాసు పెట్టేసి క్లాసుకు వెళ్లిపోయింది. నేను చిక్కడపల్లిలో మా ఇంటిదాకా ఎలా నడిచానో తెలియదు.

ఇంతవరకు రాసి, ఈ కాగితాలూ, రిటైరైనప్పుడు ఇంటికి తెచ్చుకున్న ఆ ముక్కలూ పట్టుకెళ్లి ఆమె చేతికే ఇచ్చాను. కోచింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చుని చదివింది. ఒక ముక్క తీసి దాని ఉబ్బిన నడుమును వేలితో తడిమింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు ఊపిరి తేలికైంది. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు. కాగితాలు మడిచి తిరిగి ఇస్తూ ఆమె అన్న మాటను అన్నట్టే కింద రాస్తున్నాను.

"మర్చిపోయిన అని రాసిన్రు. మీరు మర్చిపోలే సార్. ఆ దినం మీరు ముక్కలు బిగిస్తుంటే, గ్రీజు పెట్టిన్రా అని నేను రెండుసార్లు అడిగిన. ముప్పై ఏండ్ల సర్వీసు నాది, నువ్వు నేర్పుతవా అన్నరు. అది రాయున్రి."