కనియంబాడి దగ్గర ఆగిన గొంతు

నవ్వేవాళ్ళుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను చెప్పలేను. ఇది విన్నవాళ్ళ నోట విన్నది కాదు. నాకు జరిగింది. దీపం ముందు కూర్చొని చెబుతున్నాను, ఒక్క మాట కలపడం లేదు. మా ఇంట్లో పిల్లలు దీన్ని చెప్పేటప్పుడు వాన కలుపుతారు, కుక్కల ఏడుపు కలుపుతారు. ఆ రాత్రి వాన లేదు. కుక్కలు అరవలేదు. ఆకాశం శుభ్రంగా ఉంది. అదే నాకు ఇంకా భయం.

మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయిన ఏడాది అది. గుడియాత్తం బజారులో మా మామకు లుంగీల అంగడి. చిత్తూరు అటు పోయింది, మేము ఇటే ఉండిపోయాము. సాయంత్రమైతే అంగడి అరుగు మీద అదే మాట. ఇక్కడి తెలుగువాళ్ళ సంగతేమిటి, పిల్లలు ఏ బడికి పోవాలి... నాకు ఆ గొడవ పట్టలేదు. నా గొడవ నాకుంది.

మా ఇంటాయన యుద్ధానికి ముందు రంగూన్‌లో ఒక బియ్యం మిల్లుకు గుమాస్తాగా పోయాడు. అక్కడ బాంబులు పడ్డాక కబురు లేదు. నడిచి వచ్చినవాళ్ళు వచ్చారు. దారిలో పోయినవాళ్ళు పోయారు. ఆయన ఏ లెక్కలోనూ తేలలేదు. కబురు లేని మనిషి కోసం పన్నెండేళ్ళు చూస్తారు. ఆ తర్వాత దర్భలతో బొమ్మ చేసి, దానికే నిప్పు పెట్టి కర్మ జరిపిస్తారు. అప్పుడే భార్య మెడలో తాళి తీస్తారు. పన్నెండో ఏడు ముగియవస్తోంది. అమావాస్య దాటగానే చేయాలని పెద్దలు నిర్ణయించారు. మా అత్త సరే అనలేదు, వద్దనలేదు.

అప్పుడే బజారులో ఒక మాట పుట్టింది. సముద్రం అవతల ఏదో రేడియో స్టేషన్‌లో, రాత్రి పొద్దుపోయాక, అక్కడ చిక్కుకున్న మనవాళ్ళ పేర్లు చదువుతారని. విన్నానన్న మనిషి ఒక్కడూ లేడు. విన్నవాళ్ళను ఎరిగినవాళ్ళు మాత్రం చాలామంది.

నేను మామను రేడియో అడిగాను. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టాక నేను అడిగిన మొదటి వస్తువు అది. ఆయన నన్ను వెంటబెట్టుకొని వేలూరు పోయాడు.

అంగడిలో రెండు పెట్టెలు చూపించారు. ఒకటి అద్దంలా మెరుస్తోంది. రెండోది మోటుగా ఉంది కానీ షార్ట్‌వేవ్ బ్యాండ్లు రెండున్నాయి. మా ఇంటికి ఇంకా కరెంటు లేదు, రెండూ బ్యాటరీవే. అంగడాయన మాతో తెలుగులోకి మారి విడమరిచి చెప్పాడు.

"పాటకైతే ఇది బాగుంటుందప్పా. దూరానికైతే అది. కానీ పెట్టె చేసేది సగం పనే. మిగతా సగం మిద్దె మీద కట్టే తీగ, నేలలోకి దించే తీగ. అవి సరిగా లేకుంటే ఏ పెట్టె కొన్నా ఒకటే."

మామ చేయి మెరిసే పెట్టె మీదే ఉంది.

"మామా, అది" అన్నాను.

"చూసేదానికి బాగలేదు కదమ్మా."

"చూసేదానికి కాదు కద మామా."

ఆయన చేయి తీసేశాడు.

మిద్దె మీద కట్టే ఏరియల్ తీగను మా అంగడిలోని గజంబద్దతో నేనే కొలిచాను. రెండుసార్లు. మిద్దె మీద రెండు వెదురు గడలు నిలబెట్టి, తీగ గడలకు తగలకుండా రెండు కొసలా పింగాణీ గుండ్లు వేసి, వెడల్పు పక్క తూర్పుకు ఉండేటట్టు లాగి కట్టించాను. రంగూన్ అటే కదా. ఇక నేలలోకి దించే ఎర్త్ తీగ. అది ఎప్పుడూ తడి ఆరని మన్నులో ఉండాలి. మా ఇంట్లో రోజూ తప్పకుండా నీళ్ళు పోసే మన్ను ఒక్కటే... తులసికోట. తీగ కొసను తులసి మొదట్లో పాతాము. మా అత్తకు సంతోషమైంది. తల్లి పాదాల దగ్గర పెట్టినాము, ఇంక కబురు రాక యాడికి పోతుందని అన్నది.

మద్రాసు స్టేషన్ ఉరుములా పలికింది. దానికి అవతల... బుస్స్‌మని ఒకటే హోరు. ప్రతి రాత్రీ అంతే. సాయంత్రం మగవాళ్ళు సరిహద్దు వార్తలు విని విని బ్యాటరీని తినేస్తున్నారు. రాత్రి నాకు మిగిలేది అడుగంటిన బ్యాటరీ. అమావాస్య దగ్గరపడుతోంది.

ఆ రాత్రి అందరూ పడుకున్నారు. నేను పెట్టె ముందు కూర్చున్నాను. హోరు... మధ్యలో సన్నని ఈల... మళ్ళీ హోరు. కిటికీలోంచి తులసికోట కనబడుతోంది. చూస్తూ ఉన్నాను. చూస్తూ చూస్తూ ఉండగా తట్టింది. ఆ కోట ఇటుకలతో కట్టింది. ఇటుకలు బండరాయి మీద ఉన్నాయి. లోపలి మన్నుకు తడి ఉంది కానీ కింది నేల తగలనే లేదు. ఇన్ని రోజులూ మా తీగ భూమిలో లేదు. కుండలో ఉంది.

లాంతరు తీసుకొని పెరట్లోకి పోయాను. పొద్దుగూకాక తులసిని ముట్టరాదు. అందుకే తీగను పెరకకుండా, కోటకు ఇవతలే కత్తిరించాను. బట్టలుతికే బండ పక్కన నీళ్ళు పారే చోట గడ్డపార దించాను. తుప్పు గీకి, తీగను దానికి గట్టిగా చుట్టాను.  భయం లేదు అప్పటికి.

లోపలికి వచ్చి కూర్చున్నాను. ముల్లును వెంట్రుకవాసి తిప్పాను.

హోరు ఆగిపోయింది.

తగ్గడం కాదు... ఆగిపోయింది. పెట్టె చచ్చిపోయిందనుకున్నాను. చెవి ఆనించాను. లోపల... ఎవరో ఊపిరి తీసుకున్నారు.

తర్వాత గొంతు. మగ గొంతు. తెలుగు. రేడియోలో చదివే తెలుగు కాదు, మన పక్క తెలుగు. తొందర లేదు. పక్క గదిలో కూర్చొని చెప్పినట్టుంది.

"కావేరిపాక్కం. మునిరత్నం. బాగుండాడు."

ఆగింది. మళ్ళీ ఊపిరి.

"గుడియాత్తం..." అన్నది. మా మామ పేరు చెప్పింది. దాని వెంటనే మా ఇంటాయన పేరు. "బాగుండాడు. వస్తాడు."

నేను కదల్లేదు. రెప్ప వేయలేదు. వేస్తే పోతుందేమోనని.

"కనియంబాడి..."

అంతే. ఆ పేరు రాలేదు. హోరు వచ్చింది. అది కూడా పలచబడి, పలచబడి, బ్యాటరీతోపాటు ఆగిపోయింది.

 తీగలు వదులయ్యాయేమోనని పెట్టె వెనక చేయి పెట్టి తడిమాను. ఎర్త్ తీగ ఉంది. ఏరియల్ పెట్టే చోట... వేలికి ఖాళీ తగిలింది. లాంతరు ఎత్తి చూశాను. ఏరియల్ తీగ కిటికీ మేకుకు చుట్టి ఉంది. పిడుగు భయంతో మామ పడుకోబోయే ముందు దాన్ని ఊడదీసి చుట్టిపెడతాడు. నేను రోజూ మళ్ళీ తగిలిస్తాను. ఆ రాత్రి మరిచిపోయాను.

మిద్దె మీది తీగ తగిలించకుండానే విన్నాను నేను.

అప్పుడు పట్టుకుంది భయం. వెనక్కి తిరిగితే గుమ్మంలో మా అత్త.

"ఎవురు మాట్లాడింది?" అన్నది.

"మీకు వినబడిందా అత్తా?"

"మొగ గొంతు. మాట తెలీలా."

తెల్లవారి పెద్దలు కూర్చున్నారు. జరిగింది చెప్పాను. ఏరియల్ సంగతి కూడా దాచలేదు. ఎవరి పేరు విన్నావన్నారు. ఆయన పేరే అన్నాను. మా ఇళ్ళల్లో భార్య భర్త పేరు నోటితో పలకదు. మా మామ వాళ్ళ అన్న నవ్వి, "పేరు చెప్పలేని దానివి, విన్నది ఆ పేరేనని మేమెట్లా నమ్మేది?" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

"కుప్పుసామి కొడుకు చెంగల్రాయుడు. గుడియాత్తం. బాగుండాడు. వస్తాడు."

 మా అత్త లోపలి నుంచే అన్నది: "బొమ్మ చేసేది లేదు. లేవండి."

మామకు మాత్రం సందేహం తీరలేదు. ఆయనే కావేరిపాక్కం పోయాడు. నేను ఆ ఊరు చూసిందీ లేదు, అక్కడ మాకు చుట్టాలూ లేరు. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కొని, నా మొహం చూడకుండా చెప్పాడు.

"ఉండాదమ్మా. చెరువుకట్ట కింద ఆ ఇల్లు ఉండాది. మునిరత్నం బర్మాకు పోయినోడే."

ఆ తర్వాత రెండో వేసవిలో మా ఇంటాయన వచ్చాడు. చిక్కిపోయి, జుట్టు నెరిసి, బజారు వైపు నుంచి నడిచి వచ్చాడు. ఇన్నాళ్ళూ బర్మా పైభాగంలో, తపాలా కదలని పల్లెలో చిక్కుకుపోయాడట. అన్నం పెట్టాక నేను అడిగిన మొదటి మాట, మీ పేరు రేడియోకు ఎవరు ఇచ్చారని. నేనెవరికీ ఇయ్యలేదు, ఆ ఊర్లో రేడియోనే లేదు అన్నాడు. మునిరత్నం ఎవరో ఆయనకు తెలియదు. ఆ మునిరత్నం ఈయన కంటే ముందే ఇల్లు చేరాడు. అతనూ పేరు ఎక్కడా ఇవ్వలేదన్నాడు.

వేలూరు అంగడాయనను అడిగితే, ఒక్కోసారి ఎర్త్ తీగే ఏరియల్ పని చేస్తుందన్నాడు. మరి ఆ గొంతు అంటే, పెట్టెను ఒకసారి పట్టుకురామ్మా, చూస్తాను అన్నాడు.

ఇక కనియంబాడి. అది నన్ను నిద్రపోనివ్వలేదు. పోయి విచారించాను. బర్మా నుంచి తిరిగి రానివాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరు. రెండిళ్ళూ ఒకే వీధిలో. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఊరి పేరే వచ్చింది, మనిషి పేరు రాలేదు, మీవాడేనని నేను చెప్పలేనని. ఒక తల్లి ఆ రెండో ఇంటి వైపు చూసింది.

"వాళ్ళవాడైనా సరేమా" అన్నది. "ఈ వీధిలోకే కద వచ్చేది."

ఆ రెండిళ్ళలోనూ బొమ్మ చేయలేదు. ఇద్దరిలో ఎవరూ ఇంకా రాలేదు. నేను మంచే చేశానా, లేదా... తెలియదు. ఆ గొంతు ఎవరిదో, మిగిలిన పేరు ఏదో ఈ రోజుకీ తెలియదు. కనియంబాడి మీదుగా పోయే బస్సు ఎక్కినప్పుడు మాత్రం కిటికీ పక్కనే కూర్చుంటాను. ఆ ఊళ్ళో దిగేవాళ్ళను చివరి మనిషి దాకా చూస్తాను.