మా బావ దెబ్బ పడే చోటు

మా బావ లియోటిస్‌తో వేగడం కన్నా అమెరికాలో మా డేటన్ ఊరి మంచులో కారు తోసుకెళ్ళడం సులువు. మా అక్క అర్డెల్లా ఆయన్ని ఎలా భరించిందో గానీ, ఆయన డ్రమ్ముల పక్కన బేస్ గిటార్ వాయిస్తూనే నా జుట్టంతా నెరిసింది.

జనాన్ని చిందులేయించే మా ఫంక్ సంగీతం బ్యాండుకు ఒకప్పుడు ఊరూరా పేరు. తర్వాత అడిగే నాథుడు లేడు. బావ బ్రేకుల ఫ్యాక్టరీలో చేరి రిటైరయ్యాడు. అప్పుడు లాస్ ఏంజెలెస్ నుంచి ట్రెంటన్ అనే కుర్రాడు వచ్చి, మీ చేత కొత్త ఆల్బమ్ చేయిస్తానన్నాడు. ఈ వయసులో ఇదే ఆఖరిదని మాకందరికీ తెలుసు. అందులో తన డ్రమ్ముండాలని బావ పడ్డ ఆరాటం ఇంతా అంతా కాదు.

ఆరాటముంటే సరా? స్టూడియోకి రాగానే, తను వేయించి తెచ్చిన చేపలు అందరూ తింటే గానీ కర్ర ముట్టనన్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోనన్నాడు. తీరా వాయిస్తే, మా పాటకు ప్రాణమైన, తాళం ప్రతి ఆవర్తంలోనూ పడే మొదటి దెబ్బే సరిగ్గా పడలేదు. షుగరుతో కుడికాలు మొద్దుబారిపోయింది. పెద్ద డ్రమ్ము పెడల్ కాలికింద ఉందో లేదో కూడా తెలియడం లేదాయనకి. ఆ సంగతి దాచి, పెడల్ బాగాలేదని, గది చల్లగా ఉందని ఒకటే సాకులు. ఆడలేనివాళ్ళు మద్దెల ఓడంటారు, ఈయన మద్దెల వాయించేవాడై ఉండీ అదే మాట!

చివరికి ట్రెంటన్ ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి డ్రమ్ములకు బదులు తాళం వేసే మెషీన్ పెట్టాడు. బావ టోపీ ఒళ్ళో పెట్టుకుని నేలచూపులు చూశాడు. నాకు పీడ విరగడైనట్టే అనిపించింది.

మొదలుపెట్టాం. ట్రెంటన్ ఆపి, బేస్ వెనకబడుతోందన్నాడు. మళ్ళీ వాయిస్తే మళ్ళీ అదే మాట. నాకు ఒళ్ళు మండింది. రికార్డు చేసింది విని చూస్తే నిజమే. బావ దెబ్బ మొదట్నుంచీ వెంట్రుకవాసి ఆలస్యంగా పడేది. జనం నడుములు ఊగింది ఆ ఆలస్యానికే. దానికోసం ఆగి ఆగి నా వేళ్ళకు అదే అలవాటైపోయింది. మెషీన్ ఎవరికోసమూ ఆగదు. నా వాయింపును కంప్యూటర్లో ముందుకు జరుపుతానన్నాడు కుర్రాడు.

"ముందు ఆ మెషీన్ కట్టెయ్," అన్నాను. "బావా, లే."

"కాలు చచ్చిపోయిందిరా. నీకు వినబడలేదా?"

"నీ కాలెవడిక్కావాలి? తొడ మీద కొట్టు. చిన్నప్పుడు మీ ఇంటి మెట్ల మీద కూచుని కొట్టేవాడివిగా."

బానిసలుగా బతికిన మా ముత్తాతల నాటి ఆట అది, తొడలూ రొమ్మూ చరుచుకుంటూ తాళం వేయడం. ట్రెంటన్ విసుక్కుంటూనే ఆయన మోకాలి దగ్గర మైకు పెట్టాడు. బావ అరచెయ్యి పడ్డచోటే నా వేలు పడింది. ఆల్బమ్‌లో ఆ పాట అలాగే వచ్చింది.

అయినా నాకు సుఖమేమన్నా ఉందా? ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే అదే సణుగుడు. తన మీద జాలిపడి కావాలనే ఆలస్యంగా వాయించానంటాడు. కాదు మొర్రో అంటే వినడు. మొన్న మా అక్క ఎదుటే చెప్పాను, "నువ్వు కొట్టకపోతే మొదటి దెబ్బ ఎక్కడెయ్యాలో నాకు తెలీదు బావా" అని.

"అబద్ధాలు బాగా నేర్చావురా," అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంకెలా చెప్పి చావను?