ముందుగాల ఆపు, ఎనుక చూడు

ఒక్క చేతి విసురుతో నాలుగు భాషల్ని ఒకేసారి తుడిచిపెట్టిన ఘనుణ్ని నేను. తెలుగు, గుజరాతీ, హిందీ, మరాఠీ. ఇంత పని చేయాలంటే పూర్వం రాజులకు సైన్యాలు కావలసి వచ్చేవి. నాకు గోడ మీద ఒక మెయిన్ స్విచ్ చాలింది. ఆ సంగతి చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మంట అంటారా? మొదట ఆ కోర్సు మీద, తర్వాత ప్రింటరు మీద. తిట్టడానికి ఇంకెవరూ మిగలకపోతే అప్పుడు నా మీద.

తొంభైల చివర్లో సూరత్‌లో ఒక తెలుగు మీడియం బడిలో తెలుగు మాస్టారుగా ఉండేవాణ్ని. సూరత్‌లో తెలుగు బడేమిటని ఆశ్చర్యపోకండి. సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బతకడానికి తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లు అక్కడ వీధులకు వీధులే ఉన్నారు. మా బాపూ, అంటే మా నాన్నా, సాంచె కార్మికుడే. నేనూ సెలవులొస్తే ఆ షెడ్డులోనే ఉండేవాణ్ని. అక్కడ నేర్చుకున్న చదువే తర్వాత నా కొంప ముంచింది.

ఒకరోజు మా హెడ్మాస్టరు రాజేశం సారు నన్ను పిలిచారు.

"శంకర్, భాషా టీచర్లకు కంప్యూటర్ కోర్సు పెడుతున్నరట. ఎవరు సర్టిఫికెట్ తెస్తే ఆళ్ల బడికి ఒక కంప్యూటర్ ఇస్తరట. మన పిల్లలు దాన్ని బొమ్మల తప్ప చూడలే. నువ్వు పోవాలె."

"నాకు టైపు గూడ రాదు సార్."

"రాకుంటేనే గద పంపుడు! వచ్చినోన్ని పంపితే ఏం ఫాయిదా?"

ఈ తర్కానికి ఎదురు చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. పైగా ఈ మాట గాలికన్నా ముందే క్లాసులోకి పాకింది. మర్నాటి నుంచి పిల్లలు "సార్, కంప్యూటర్ ఎప్పుడొస్తది?" అని ప్రాణం తీశారు. నేనూ ఊరుకోలేదు. వచ్చేస్తోంది, దారిలో ఉంది అన్నట్టు చెప్పేశాను.

కోర్సు ఆ ఊళ్లోనే కతర్‌గామ్‌లో, వజ్రాలు సానపట్టే కార్ఖానా పై అంతస్తులో. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి. గుళ్లోనైనా దేవుడు కనిపిస్తాడు, ఇక్కడ దుమ్ముగుడ్డలు కప్పిన టీవీల్లాంటివి కనిపించాయి. ఏసీ ఉంది. అది మాకు కాదు, మెషీన్లకట. నేర్పేవాడు హితేష్ సర్, మాకంటే బాగా చిన్నవాడు, మాకంటే బాగా పెద్దగా మాట్లాడేవాడు. మా సంభాషణంతా హిందీలోనే జరిగేది. మీకోసం తెలుగులో చెబుతున్నాను, కారం మాత్రం తగ్గించలేదు.

మొదటి రోజే అడిగాను. "సర్, ఇందులో తెలుగు అక్షరాలు ఎక్కడున్నాయి?"

"లేవు మాస్టర్‌జీ."

"గుజరాతీ?" అంది గుజరాతీ టీచర్ కోకిలా బెన్.

"అదీ లేదు."

"మరి హిందీ అయినా?" అన్నారు హిందీ పంతులు మిశ్రాజీ, రాజభాష మీద ఆశ చావక.

"ఏదీ లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి. భాష ముఖ్యం కాదు, టెక్నాలజీ ముఖ్యం."

చూశారా! భాషా పంతుళ్ల కోర్సులో భాష ముఖ్యం కాదట. వంటవాళ్లను పిలిచి పొయ్యి లేదన్నట్టుంది. సరే, పళ్లు కొరుక్కుంటూ ఒక్కో అక్షరం వెతుక్కుని ఇంగ్లీషు అక్షరాల్లో 'అమ్మ' అని కొట్టాను. వెంటనే ఆ పెట్టె అమ్మ కింద ఎర్రగీత గీసింది. 'ఆవు' అని కొట్టాను. ఆవు కింద ఎర్రగీత. నా పేరు కొట్టాను. నా పేరూ తప్పేనట! ఎర్రసిరా అనేది నా హక్కు, నా బతుకుతెరువు. తప్పులు దిద్దేవాణ్ని నేను. నా తప్పులు దిద్దడానికి ఈ పెట్టె ఎవరు? ఆ వేళ ఇంటికెళ్లి అన్నం కూడా కోపంగానే తిన్నాను.

కోర్సులో ఇంకో నియమం ఉంది. మెషీన్‌లో ఏదీ దాచుకోకూడదు, నిండిపోతుందట. ఫ్లాపీలన్నీ హితేష్ సర్ సొరుగులో తాళం వేసి ఉంటాయి. మాకిస్తే వైరస్ తగులుతుందట. "చివర్లో నేనే అందరివీ ఫ్లాపీలో ఎక్కిస్తా" అనేవాడు. కరెంటు పోతే కాపాడాల్సిన బ్యాటరీ ఎప్పుడో చచ్చి, మూలన స్టూలుగా పనికొస్తోంది. ఇవన్నీ గుర్తుపెట్టుకోండి. నన్ను తిట్టేముందు పనికొస్తాయి.

చివరి రోజు రానే వచ్చింది. పొద్దుటి నుంచి ఎవరి భాషలో వాళ్లు పిల్లలకు ఒక పాఠం కొట్టాలి. భోజనాల తర్వాత ఆఫీసరు మేడమ్ వస్తారు, అచ్చు తీసిన పాఠాలు చూసి సర్టిఫికెట్లు ఇస్తారు. అందరికంటే ముందు మిశ్రాజీ ముగించారు. హితేష్ సర్ ఆయన పాఠాన్ని ప్రింటరుకు పంపించాడు.

టకటకటకటక...

అబ్బ, నా ప్రాణం లేచొచ్చింది. అచ్చం మా సాంచె చప్పుడే! కోర్సంతటిలో నాకు అర్థమైన మొదటి భాష అది. హాయిగా వింటూ నా పాఠం చివరి వాక్యం కొడుతున్నాను. అంతలో చప్పుడు మారింది. టక్, కర్ర్ర్, టక్, కర్ర్ర్.

ఇక్కడ మీకు మా షెడ్డు చదువు చెప్పాలి. సాంచె చప్పుడు మారిందంటే ఎక్కడో పోగు తెగినట్టు. ఏమైందా అని వంగి చూస్తూ కూర్చుంటే ఈలోపు గుడ్డంతా పాడవుతుంది. బాపు నా వీపు మీద చరిచి మరీ నేర్పాడు. "ముందుగాల ఆపు, ఎనుక చూడు!" అది నా బుర్రలోకి కాదు, చేతుల్లోకి ఎక్కింది. చప్పుడు మారగానే నేను లేచాను. లేచానని నాకు తెలియదు. గోడ మీద, మా షెడ్డులో ఉన్నట్టే, ఎర్ర పిడి ఉన్న పెద్ద మెయిన్ స్విచ్. ఒక్క అంగలో వెళ్లి పిడి కిందికి లాగేశాను.

చీకటి. ఏసీ ఆగింది. ప్రింటరు ఆగింది. అన్ని తెరలూ నల్లబడ్డాయి. కింది అంతస్తులో వజ్రాల సానలు కూడా ఆగిపోయాయి.

"ఎవరు? ఎవరు చేశారు?" హితేష్ సర్ గొంతు.

"నేనే! భయపడకండి, సమయానికి ఆపేశాను" అన్నాను గర్వంగా. భుజం తడతారని ఎదురుచూశాను కూడా.

కోకిలా బెన్ పెట్టిన కేక ఆ తర్వాత చాలాకాలం నా చెవుల్లో ఉంది. "అరే మాస్టర్‌జీ! నా జోలపాట! పొద్దుటి నుంచి కొట్టిన జోలపాట!"

"నా నీతికథ!" అన్నారు మరాఠీ టీచర్.

"సగం కాగితం లోపలే ఉండిపోయింది!" అన్నారు మిశ్రాజీ.

ఇంతలో కింది కార్ఖానా శేఠ్ కంటికి భూతద్దంతోనే మెట్లెక్కి వచ్చాడు. "కరెంటు ఎవడు బంద్ చేశాడు?" అని ఆ అద్దంలోంచి ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చి నా దగ్గర ఆగాడు. ఆయనకు నేను ఎంత పెద్దగా కనిపించానో గానీ తిట్లు మాత్రం ఆ కొలతకే పడ్డాయి. పిడి తనే పైకెత్తి కరెంటు ఇచ్చి దిగిపోయాడు.

"మీకు సర్టిఫికెట్ లేదు. ఇంటికి వెళ్లండి" అన్నాడు హితేష్ సర్.

మా క్లాసు పిల్లల ముఖాలు కళ్లముందు తిరిగాయి. దారిలో ఉందన్న కంప్యూటర్ ఇక దారిలోనే ఉండిపోతుంది. అంతే, నా కోపం కట్ట తెంచుకుంది.

"నేనెందుకు వెళ్లాలి? ఫ్లాపీలకు తాళం వేసింది ఎవరు? బ్యాటరీని స్టూలు చేసింది ఎవరు? భాష లేని భాషా కోర్సు నడిపింది ఎవరు?"

మిశ్రాజీ నెమ్మదిగా, "మాటైతే నిజమే" అన్నారు.

"నిజమైతే నా జోలపాట తిరిగొస్తుందా?" అంది కోకిలా బెన్ చేయి ఊపుతూ. "కూర్చో! నేను చెబుతాను, నువ్వు కొట్టు!"

కూర్చున్నాను. ఒక్క ముక్క అర్థం కాని గుజరాతీ జోలపాటను, ఇంగ్లీషు అక్షరాల్లో, ఆవిడ కోపంగా పాడుతుంటే కొట్టాను. లోకంలో అంత గద్దింపుగా పాడిన జోల ఇంకొకటి ఉండదు. విన్న బిడ్డ జన్మలో నిద్రపోదు. మిగతావాళ్లు ఎవరివి వాళ్లు మళ్లీ కొట్టుకున్నారు, తర్వాత నేను నాది కొట్టుకున్నాను. భోజనం సంగతి ఎవరూ ఎత్తలేదు, నన్ను ఇంటికి పంపే సంగతి హితేష్ సర్ మళ్లీ ఎత్తలేదు.

ఆఫీసరు మేడమ్ వచ్చారు. పాఠాలు చూశారు, తలాడించారు. బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్ కాగితాలు సరిగ్గా మనిషికొకటి చొప్పున తెచ్చారు. పేర్లు ఒక్కొక్కటే అచ్చవుతున్నాయి. అందరివీ అయ్యాయి. చివరి కాగితం నాది.

టకటకటక... టక్, కర్ర్ర్.

నేను లేచాను.

"బైఠో!" కూర్చోమని గది మొత్తం ఒకే గొంతుతో అరిచింది. మిశ్రాజీ నా చేతులు రెండూ పట్టుకున్నారు. కోకిలా బెన్ మెయిన్ స్విచ్ ముందు చేతులు చాచి నిలబడింది.

"కాగితం ఇరుక్కుంది! ఆపండి!" అన్నాను.

"ఏం కాదు, అది అలాగే అంటుంది" అన్నాడు హితేష్ సర్.

ప్రింటరు తన పని తాను ముగించింది. కాగితం కదలకుండా ఒకే చోట నిలబడితే, నా పేరు, నా బడి పేరు, కోర్సు పేరు అన్నీ ఒకదాని మీద ఒకటి, ఒకే గీతలో పడ్డాయి. కాగితం మధ్యలో కాటుకలాంటి నల్లటి పట్టీ.

మేడమ్ కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఇందులో పేరేదీ?"

"అందులోనే ఉంది మేడమ్" అన్నాడు హితేష్ సర్ నేల చూపులు చూస్తూ. "అన్నీ అందులోనే ఉన్నాయి."

"ఇది చెల్లదు."

అప్పుడు కోకిలా బెన్ స్విచ్ దగ్గర నుంచి కదలకుండానే అంది. "మేడమ్, ఈ మనిషి రాని భాషలో నా పాట మొత్తం కొట్టాడు. ఇప్పుడు ఆపమని మొత్తుకున్నా మేమే వినలేదు. ఆయనకివ్వకపోతే నాదీ తీసుకోండి."

మేడమ్ ఆవిడను చూశారు, నన్ను చూశారు, నల్లపట్టీని చూశారు. పెదవులు బిగబట్టి నవ్వాపుకుంటూ దాని కింద సంతకం పెట్టి ముద్ర గుద్దారు. ఆ ముద్రను చూపించే మా బడికి కంప్యూటరు వచ్చింది. పిల్లలు దాన్ని తాకి చూశారు. రాజేశం సారు మాత్రం అది రాకముందే మెయిన్ స్విచ్ పెట్టెకు తాళం వేయించారు. తాళంచెవి నాకు తప్ప అందరికీ ఇచ్చారు.

సర్టిఫికెట్ చేతికొచ్చిన సాయంత్రమే దాన్ని తీసుకెళ్లి బాపు చేతిలో పెట్టాను. సాంచెల మోతకు ఆయనకు చెవులు సగమే పనిచేస్తాయి గానీ కళ్లు చురుకు. వేలితో నల్లపట్టీని తడిమాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు.

"అంచు మంచిగనే పడ్డదిరా" అన్నాడు. "చీరేది?"

అందుకే ఇదిగో, బాపు నేసిన గుడ్డ మీద చెయ్యేసి మీ అందరి ముందూ ఒట్టు పెడుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ యంత్రం ఎంత మొత్తుకున్నా కుర్చీలోంచి లేవను. పొగ వచ్చినా లేవను, కాగితం నమిలినా లేవను. కూర్చుని చూస్తాను. కోపంగా చూస్తాను, అంతే.