అమ్మ తొక్కిన కట్ట

డెబ్బైలలో కిషన్‌బాగ్ పల్లపు నేల మీదుగా రోడ్డు కోసం మట్టికట్ట పోస్తున్నప్పుడు, ఆ పని చూసుకునే టెంపరరీ ఉద్యోగిని నేను. మట్టిని జానెడు మందాన పరిచి, నీళ్ళు చల్లి, రోలర్‌తో తొక్కించాలి. ఆ తర్వాతే మరో పొర. తీరా చివరి పొర పరిచాక రోలర్ మొరాయించింది. వానలు నెత్తి మీదికొచ్చాయి. వదులు మట్టి మీద వాన పడితే కట్ట కొట్టుకుపోతుంది, దాంతోపాటు నా నౌకరీ కూడా.

ఇంట్లో నాకు ముద్ద దిగడం లేదు. మా అమ్మ బర్రెల పాలు అమ్మి నన్ను చదివించిన మనిషి. సంగతి విని నవ్వింది.

"గింతేనా? ఎందుకు బిడ్డా ఫికర్? నా బర్లున్నయ్ గద. మస్తు తొక్కుతయ్."

"నీకేం తెల్వది, ఊకో అమ్మా" అని కసిరాను. చదువుకున్నానన్న పొగరు మరి! తెల్లారి వెళ్ళి చూస్తే తొమ్మిది బర్రెలతో కట్ట మీదే ఉంది.

బర్రెలు తొక్కిన చోట గడ్డపార దిగలేదు. నా సంబరం చెప్పలేను. అంచుల్లో గుచ్చితే మాత్రం జానెడూ సర్రున దిగింది. ముసలి బర్రె నడిమధ్యన నడిచింది, మిగతావన్నీ దాని వెనకే వరుస కట్టాయి. పాలవాళ్ళింట పుట్టి కూడా ఆ సంగతి నాకు తట్టలేదు, ఛీ!

అమ్మ చెప్పులు విడిచి అంచు మీదికి పోయింది. "దా, దా" అని పిలుస్తూ తను ముందు, బర్రెలు వెనక. ఒకడుగు పక్కకు జరిగి మళ్ళీ మొదలు. రెండు రోజులు ఎండలో అట్లాగే తిరిగింది. అరికాళ్ళు పగిలాయి. చాలమ్మా అంటే తిట్టింది.

"నీ నౌకరీ పర్మినెంట్ గానీ, గప్పుడు కూసుంట."

మూడో రోజు ఇంజనీరుగారు వచ్చి అంచున గడ్డపార గుచ్చారు. దిగలేదు. "శభాష్!" అని నా భుజం తట్టారు. అంతలో గిట్టల గుర్తులు ఆయన కంటబడ్డాయి.

"ఇవేందయ్యా?"

బర్రెలతో తొక్కించానంటే నవ్వుతారని భయమేసింది. "ఎవరివో బర్లు ఎక్కినయ్ సార్" అనేశాను.

పక్కనే బర్రెలతో నిలబడ్డ అమ్మ మీద ఆయన ఇంతెత్తున లేచారు. "సర్కారు కట్ట మీదికి బర్లను తోల్తవా? అకల్ లేదా?"

అమ్మ నా వంక చూడనైనా లేదు. "తప్పయింది సారూ, ఇంకోపారి రానియ్య" అని బర్రెలను దింపుకొని వెళ్ళిపోయింది.

నౌకరీ నిలిచింది. ఆ సాయంత్రం ఎప్పటిలాగే చాయ్ ఇచ్చింది, ఆ మాటే ఎత్తలేదు. ఆమె బతికినన్నాళ్ళూ నేనూ ఎత్తలేదు, సిగ్గులేనివాణ్ణి. ఆ రోజు అనాల్సిన మాట ఇప్పుడంటున్నాను: సార్, ఆ బర్రెలు మావే. ఆమె మా అమ్మ.